స్పెషల్ రెస్క్యూ టీమ్ అగ్రిమెంట్ చేతిలో పెట్టారు, శుక్రవారం లోపు సంతకం అంటున్నారు. ఏమేం చూసుకోవాలి?

పాకాల_కుర్రోడు:

అందరికీ నమస్తే. శ్రీసిటీ వైపు ఒక యూనిట్‌లో ఫైర్‌మన్‌గా చేస్తున్నా. కంపెనీ రోల్స్ కాదు, చెన్నై ఏజెన్సీ కింద. వయసు 30, భార్య, ఒక పాప, వరదయ్యపాళెంలో అద్దె ఇల్లు. జీతం గ్రాస్ 19,800, ఈఎస్ఐ, పీఎఫ్ కట్ అవుతున్నాయి.

ఇప్పుడు మా ఫైర్ సెక్షన్ నుంచి ఆరుగుర్ని ఏరి "స్పెషల్ రెస్క్యూ టీమ్" అంటున్నారు. ట్యాంకుల్లో, గుంతల్లో మనిషి ఇరుక్కుంటే తీయడం, ఎత్తు మీద నుంచి దించడం, కెమికల్ లీక్ అయితే ఆపడం, ఇదీ పని. పని ఇష్టమే, ట్రైనింగ్ కూడా ఇప్పిస్తామన్నారు. టెన్షన్ అంతా అగ్రిమెంట్ గురించే. తొమ్మిది పేజీల ఇంగ్లీషు, వాట్సాప్‌లో పడేశారు. నాకు అర్థమైనంత వరకు ఇందులో ఉన్నది ఇది: నెలకు 2,500 స్పెషల్ అలవెన్స్, అదీ "యాజమాన్యం విచక్షణ మేరకు". షిఫ్ట్ అయిపోయి ఇంటికెళ్లినా ఫోన్ వస్తే అరగంటలో గేటు దగ్గర ఉండాలి, దానికి వేరే డబ్బు లేదు, అలవెన్స్‌లోనే అన్నీ కలిసినట్టట. ట్రైనింగ్ తర్వాత 18 నెలలు మానకూడదు, మానితే 1,20,000 కట్టాలి, ఐటీఐ ఒరిజినల్ సర్టిఫికెట్ వాళ్ల దగ్గర పెట్టాలి. పిలిస్తే పక్క యూనిట్లకు కూడా వెళ్లాలి. లోపలికి దిగమంటే దిగనన్నవాడి మీద క్రమశిక్షణ చర్య. చివర్లో ఒక లైను చూసి మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసింది: రెస్క్యూ పని సొంత రిస్క్ మీద చేస్తున్నాను, నాకేమైనా అయితే నేనుగానీ నా వారసులుగానీ ఏమీ అడగము అని. గొడవలేమైనా వస్తే చెన్నై కోర్టుల్లోనే తేల్చుకోవాలట.

సంతకం చేయనంటే ఉన్న ఉద్యోగం మీదకొస్తుందేమోనని భయం. ఎవరైనా ఇలాంటి టీముల్లో చేసినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు చెప్పండి.

తడ_బుల్లెట్:

చేసెయ్ బ్రో, ఎక్కడైనా ఇదే ఫార్మాట్. ఎవరూ చదవరు, ఎవరూ అడగరు. 2,500 అంటే ఊరికే వస్తుందా.

ఫైర్‌స్టేషన్_పెద్దాయన:

చిత్తూరు జిల్లాలో చాలా ఏళ్లు లీడింగ్ ఫైర్‌మన్‌గా చేసి రిటైరయినాను. తడ తమ్ముడూ, "ఎవరూ చదవరు" అని నువ్వన్నది నిజమే, అందుకే చెప్తున్నా చదవమని.

పాకాల అబ్బాయీ, నువ్వు డబ్బు దగ్గర మొదలుపెట్టినావు. నన్నడిగితే ముందు చూడాల్సింది డబ్బు కాదు, "దిగనంటే చర్య" అనే లైను. 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరంలో కోళ్ల పరిశ్రమ ట్యాంకులో ఏడుగురు పోయినారు. ముందు దిగినవాళ్లు పడిపోతే, వాళ్లను తీద్దామని దిగినవాళ్లూ అట్లే పోయినారు. ఎక్కడైనా ఇదే వరస. అమెరికాలో నియోష్ అనే సంస్థ 1986లోనే లెక్క తీసి చెప్పింది, ఇట్లాంటి మూసుకున్న చోట్ల చనిపోయేవాళ్లలో నూటికి 60 మందికి పైగా కాపాడబోయినవాళ్లేనని. అంటే నీ టీమ్ పనే అన్నిటికంటే ప్రమాదం. అట్లాంటి పనిలో ఆగుదాం అన్నవాడిని శిక్షించేటట్టు రాసుకుంటే మొదటి రోజే తప్పు బాట పట్టినట్టు.

ఇంకోటి లెక్క వేసి చూడు. ఆరుగురు, మూడు షిఫ్టులు, వారానికి ఒక ఆఫ్. షిఫ్టుకు ఇద్దరు కూడా నిండుగా రారు, కొన్ని రాత్రులు ఒక్కడే ఉంటాడు. ట్యాంకులోకి ఇద్దరు దిగితే, అంతే తయారుగా బీఏ సెట్ (వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు) వేసుకుని ఇద్దరు బయట ఉండాలి, గ్యాస్ మీటర్ చూసేవాడు, టైము రాసేవాడు ఒకడు వేరే. ఈ ఐదుగురు రాత్రి రెండు గంటలకు ఎక్కడి నుంచి వస్తారు? ఆ అరగంట ఫోన్ కాల్ షరతు పెట్టింది అందుకే. మనుషుల్ని పెట్టుకోకుండా మీ నిద్రతో నడిపిద్దామని. అరగంట తర్వాత వచ్చిన టీమ్ ట్యాంకులో ఊపిరాడని మనిషిని కాపాడదు నాయనా, శవాన్ని తీస్తుంది. కాబట్టి షిఫ్టుకు కనీసం ఎంతమంది అనేది అగ్రిమెంట్‌లో రాయించు, అంతమంది లేనప్పుడు ఆ షిఫ్టులో ట్యాంకు పనులకు పర్మిటే ఇవ్వకూడదని కూడా రాయించు.

సామాను కూడా. "తగిన పరికరాలు ఇవ్వబడును" అంటే ఏమీ ఇవ్వనట్టే లెక్క. నాలుగు గ్యాసులు చూపే మీటరు, దానికి క్యాలిబ్రేషన్ తేదీ, ట్రైపాడ్, విన్చ్, ఫుల్ బాడీ హార్నెస్, బీఏ సెట్లు ఎన్ని, స్పేర్ సిలిండర్లు ఎన్ని అని పేరు పేరునా రాయాలి. ఆరు లీటర్ల సిలిండరు 300 బార్‌కు నింపితే 1,800 లీటర్ల గాలి, కాగితం మీద 45 నిమిషాలు. మనిషిని మోస్తూ, భయంతో రొప్పుతూ ఉన్నప్పుడు అంతకంటే చాలా ముందే గాలి అయిపోవస్తోందని విజిల్ కొట్టేస్తుంది. స్పేర్ లేకపోతే బయట ఉన్నవాళ్లు చూస్తూ నిలబడాల్సిందే.

సేఫ్టీ_సెక్షన్_నాయుడుపేట:

నేను వేరే కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్‌ని, అంటే ఈ అగ్రిమెంట్లు తయారుచేసే వైపు మనిషిని. పెద్దాయన చెప్పినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్కచోట మాత్రం అడ్డం పడతాను.

ఎమర్జెన్సీలో ప్రతివాడూ "నాకు ఇష్టం లేదు" అంటే టీమ్ అనేదే ఉండదు. ఆ క్లాజు చెడ్డ ఉద్దేశంతోనే పెట్టారని అనుకోనక్కర్లేదు, ఎక్కడో ఒకసారి ఎవరో ఫోన్ ఎత్తకుండా పడుకుని ఉంటారు, అది మనసులో పెట్టుకుని హెచ్‌ఆర్ వాళ్లు రాసుంటారు. కానీ రాయడం తెలియక రాశారు. పిలిస్తే రాకపోవడం వేరు, వచ్చాక గ్యాస్ రీడింగ్ చూసి ఆగడం వేరు. మొదటిది తప్పు, రెండోది డ్యూటీ. ఈ రెండింటినీ విడదీయమని అడుగు. మా దగ్గర ఎలా రాశామంటే, లోపలికి పంపే నిర్ణయం టీమ్ లీడర్‌ది, ప్రొడక్షన్ మేనేజర్‌ది కాదు, ఎంత పెద్ద హోదా ఉన్నా సరే. ఆపమనే హక్కు మాత్రం టీమ్‌లో ఎవరికైనా ఉంటుంది. ఆపితే తర్వాత కారణం రాయాలి, అంతే. కొలతలు కూడా పెట్టాం. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువుంటే బీఏ సెట్ లేకుండా ఎవరూ దిగరు. మండే గ్యాస్ ఎల్ఈఎల్‌లో, అంటే గాలిలో అది అంటుకోగల కనీస మోతాదులో, 10 శాతం దాటితే బీఏ సెట్ ఉన్నా దిగరు, ముందు బ్లోయర్ పెట్టి గాలి మార్చాలి. అంకె రాసి ఉంటే వాదన ఉండదు, పిరికివాడు అనే మాటా రాదు.

పక్క యూనిట్లకు పంపడం శ్రీసిటీ లాంటి చోట మామూలే, ఒకరికొకరు సాయం లేకుండా కుదరదు కూడా. కానీ మీ యూనిట్‌లో ఉన్న కెమికల్స్ మీకు తెలుసు, పక్కవాళ్లవి తెలియవు. 2020 ఆగస్టులో పూతలపట్టు దగ్గర బండపల్లి పాల డెయిరీలో అమోనియా లీకై పనిలో ఉన్న ఆడవాళ్లు ఆస్పత్రి పాలయ్యారు గుర్తుందా? పాల ఫ్యాక్టరీలో గ్యాస్ ఏముంటుందిలే అనుకుంటారు జనం, కూలింగ్ ప్లాంటు అంతా అమోనియాయే. మంటలకు వేసుకునే ఫైర్ సూట్‌తో అమోనియా మేఘంలోకి పోతే చెమట పట్టిన చోటల్లా ఒళ్లు కాలుతుంది, దానికి గ్యాస్ చొరబడని సూట్ వేరే ఉంటుంది. అందుకని "పక్క యూనిట్ తన కెమికల్స్ జాబితా, డేటా షీట్లు ముందే ఇచ్చి ఉంటేనే టీమ్ వెళ్తుంది, అక్కడ ఏం జరిగినా సొంత యూనిట్‌లో డ్యూటీలో జరిగినట్టే లెక్క" అని ఒక వాక్యం పెట్టించు.

అడ్వకేట్_కోర్లగుంట:

తిరుపతిలో లేబర్ కేసులు చూస్తాను. కాగితం మొత్తం చూడకుండా చెప్తున్నాను కాబట్టి దీన్ని పక్కా సలహాగా తీసుకోకండి. కానీ కొన్ని విషయాలు కాగితం చూడకుండానే చెప్పొచ్చు.

"సొంత రిస్క్, వారసులు అడగరు" అనే లైనుకు విలువ లేదు. పని వల్ల గాయమైనా, చనిపోయినా వచ్చే పరిహారాన్ని వదులుకుంటానని రాసిచ్చిన ఒప్పందం చెల్లదని 1923 నాటి పరిహార చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఆ పాత చట్టం సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది, ఈ నియమం మాత్రం అక్కడా ఉంది. మీ ఆవిడకు ముందు ఇది చెప్పండి. అయితే చెల్లదు కదా అని సంతకం పెట్టేయకండి. రేపు ఏదైనా జరిగితే ఏజెన్సీ మనిషి అదే కాగితం తెచ్చి ఇంట్లో ఆడవాళ్లకు చూపిస్తాడు, "మీ ఆయనే రాసిచ్చాడమ్మా, ఏమీ రాదు, ఈ లక్ష తీసుకోండి" అంటాడు. కోర్టు దాకా వస్తే కదా అది చెల్లదని తేలేది. ఆ లైను కొట్టించండి.

చెన్నై కోర్టుల మాట కూడా అంతే. పరిహారం కేసు ప్రమాదం జరిగిన చోట వేయొచ్చు, అడిగేవాళ్లు నివసించే చోట కూడా వేయొచ్చు. పాకాల నుంచి మీవాళ్లు చెన్నైకి తిరగాల్సిన పని లేదు.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి. మీ జీతం 19,800, ఈఎస్ఐ పరిమితి 21,000. 2,500 అలవెన్స్ కలిస్తే 22,300. అంటే ఇప్పుడు నడుస్తున్న కాంట్రిబ్యూషన్ పీరియడ్, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లేదా అక్టోబర్ నుంచి మార్చి, అది ముగియగానే మీరు ఈఎస్ఐ నుంచి బయటికి. ప్రమాదం పెరిగే పనిలోకి వెళ్తూ రక్షణ పోగొట్టుకుంటున్నారన్నమాట. ఈఎస్ఐలో ఉండగా డ్యూటీలో ప్రాణం పోతే సగటు జీతంలో 90 శాతం దాకా భార్యకు, బిడ్డకు నెలనెలా వస్తుంది, మీ జీతానికి అది 17,000 పైనే. ఈఎస్ఐ లేకపోతే పరిహార చట్టం లెక్క: జీతం 15,000 దాటి ఎంతున్నా నెలకు 15,000గానే తీసుకుంటారు, అందులో సగం, దాన్ని 30 ఏళ్ల వయసుకు ఉన్న 207.98తో గుణిస్తే 15,59,850. ఒకేసారి, అంతే. నెలకు మీ జీతంలోంచి ఈఎస్ఐకి పోయేది 150 కూడా లేదు, ముప్పావు శాతమే. దాన్ని 2,500 కోసం వదులుకునేముందు కంపెనీ ఖర్చుతో వేరే ప్రమాద బీమా ఎంత ఇస్తారో అడగండి. ఆ పాలసీ మినహాయింపుల్లో "ప్రమాదకర పనులు" అని ఉందేమో చూడండి, ఉంటే రెస్క్యూ టీమ్‌కు అది ఎందుకూ పనికిరాదు.

18 నెలల బాండ్ గురించి చాలామంది "బాండ్లు చెల్లవు" అని ధైర్యం చెప్తుంటారు. నమ్మకండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు పెట్టిన మూడేళ్లు, 2 లక్షల బాండ్‌ను సమర్థించింది. అక్కడి పరిస్థితి వేరు, అది ఆఫీసర్ ఉద్యోగం, పెద్ద ఎత్తున నియామక ఖర్చు. మీ విషయంలో కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం న్యాయమైన మేరకే వసూలు చేయగలరు, శిక్షలా గుంజడానికి లేదు. ట్రైనింగ్‌కు ఎంత ఖర్చయిందో బిల్లు చూపాలని, పనిచేసిన నెలల లెక్కన బాండ్ మొత్తం తగ్గుతూ రావాలని, ఏజెన్సీ కాంట్రాక్టే రద్దయినా, వాళ్లే మిమ్మల్ని తీసేసినా బాండ్ ఉండదని రాయించండి. మూడోది మరీ ముఖ్యం, ఏజెన్సీలు మారుతుంటాయి కాబట్టి.

ఒరిజినల్ సర్టిఫికెట్ ఎవరికీ ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, మళ్లీ జేబులో పెట్టుకోండి.

చంద్రగిరి_టు_హ్యూస్టన్:

మాది చంద్రగిరి, ఇక్కడ ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేసే స్నేహితుడు ఉన్నాడు కాబట్టి రాస్తున్నా. అమెరికాలో చాలా నగరాల్లో ఫైర్ యూనియన్‌కు, సిటీకి మధ్య ఒప్పందం ఉంటుంది, అందులో హజ్‌మ్యాట్ (ప్రమాదకర కెమికల్స్), టెక్నికల్ రెస్క్యూ లాంటి స్పెషల్ ఆపరేషన్స్ టీములకు ఒక భాగం విడిగా రాస్తారు. ఏ సర్టిఫికెట్ ఉంటే టీమ్‌లోకి రావచ్చు, అదనపు జీతం ఎంత, టీమ్ నుంచి బయటికి ఎలా పోవచ్చు, ట్రైనింగ్ గంటలకు డబ్బు ఎలా, ఇట్లాంటివి. అలవెన్స్ విచక్షణ మీద ఉండదు, టీమ్‌లో ఉన్నంతకాలం అది హక్కు. ఇక్కడి ఓషా (కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) రూల్ ఒకటి పెద్దాయన చెప్పినదే, మంటల్లోకి ఇద్దరు లోపల, ఇద్దరు బయట. ట్యాంకుల్లాంటి చోట్ల రెస్క్యూ చేసే టీమ్ కనీసం 12 నెలలకొకసారి నిజంగా దిగి ప్రాక్టీస్ చేయాలని కూడా ఉంది.

తడ_బుల్లెట్:

అన్నా అక్కడ యూనియన్ ఉంది, ఇక్కడ గేటు బయట ఇంకో వందమంది లైన్లో ఉన్నారు. ఆ పోలికలు హెచ్‌ఆర్ ముందు చెప్తే నవ్వుతారు.

సేఫ్టీ_సెక్షన్_నాయుడుపేట:

బుల్లెట్ తమ్ముడు చెప్పింది సగం కరెక్టు. ఏ నిచ్చెన మీద పడితే ఆ నిచ్చెన మీద నిలబడగలిగేవాడు, బీఏ సెట్‌తో ఇరుకు మ్యాన్‌హోల్‌లో కంగారు పడనివాడు ఆ వందలో ఎంతమంది ఉంటారు? ఇప్పటికే మీ యూనిట్ లోపల దారులన్నీ తెలిసిన ఫైర్‌మన్‌ను వదులుకోవడం కంపెనీకీ నష్టమే. కాబట్టి పాకాల, అడుగు, కానీ ఒక్కడివే వెళ్లకు. ఆరుగురూ కలిసి ఒక్క మెయిల్ పెట్టండి. "సంతకం చేయం" అని కాదు, "టీమ్‌లో చేరడానికి సిద్ధంగా ఉన్నాం, ఈ నాలుగు విషయాలు రాసివ్వండి" అని. ఏజెన్సీకి పెడుతూ కంపెనీ సేఫ్టీ హెడ్‌కు కాపీ పెట్టండి. ఏజెన్సీ వాడికి మీ ప్రాణం కంటే ఇన్వాయిస్ ముఖ్యం, సేఫ్టీ హెడ్‌కు మాత్రం లోపల మనిషి పోతే కేసు తన మెడకు చుట్టుకుంటుందని తెలుసు. ఆయనే మీకు దారి.

అడ్వకేట్_కోర్లగుంట:

ఆయన చెప్పిన దారి బాగుంది. ఓటీ విషయం కూడా అదే మెయిల్‌లో పెట్టండి. ఫోన్ వచ్చి ప్లాంటుకు వెళ్లిన గంటలు పనిగంటలే, పరిమితి దాటితే డబుల్ జీతం ఇవ్వాలి. "అలవెన్స్‌లోనే అన్నీ కలిసిపోయాయి" అని రాసుకున్నంత మాత్రాన ఓటీ పోదు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టాల్సిందే, అది పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది.

పాకాల_కుర్రోడు:

అందరికీ థాంక్స్. పెద్దాయనా, మీ షిఫ్టుల లెక్క చదివి మా ఐదుగురికీ పంపించా, నైట్ షిఫ్ట్‌లో ఒక్కడే ఉంటాడని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఆరుగురం కలిసి మెయిల్ పెట్టాం, గురువారం కూర్చోబెట్టి మాట్లాడారు. సేఫ్టీ హెడ్ వచ్చాడు, అది కలిసొచ్చింది. సొంత రిస్క్ లైను తీసేశారు, పెద్దగా వాదించలేదు కూడా. టీమ్ లీడర్ చెప్తేనే దిగడం, ఎవరైనా ఆపొచ్చు అనేది ఒప్పుకున్నారు, ఎల్ఈఎల్ అంకెతో సహా. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇక అడగం అన్నారు. బాండ్ నెలనెలా తగ్గేటట్టు మారుస్తారట, 18 నెలలు మాత్రం 18 నెలలే. షిఫ్టుకు ఐదుగురు అంటే నవ్వారు, చివరికి ట్యాంకు పనులన్నీ జనరల్ షిఫ్టులోనే, ఆరుగురిలో ఐదుగురు ఉన్న రోజే పర్మిట్ అన్నారు. రాత్రి ఫోన్‌కు వస్తే ఆ గంటలకు ఓటీ. ఇంట్లో ఫోన్ పట్టుకుని ఎదురుచూసే దానికి మాత్రం ఏమీ లేదు, అక్కడ మొండికేశారు. పక్క యూనిట్ సంగతి "తర్వాత చూద్దాం" అని దాటేశారు.

అలవెన్స్ దగ్గర ఆగింది. ఈఎస్ఐ సంగతి చెప్తే వాళ్లకే తెలియదు. 1,200 అయితే పరిమితి దాటదు, అలా ఇచ్చి మిగతా 1,300 "ప్రోత్సాహకం" పేరుతో వోచర్ మీద క్యాష్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

అడ్వకేట్_కోర్లగుంట:

వోచర్ వద్దు. నెలనెలా ఇచ్చే డబ్బును పేరు మార్చి దాచినా తనిఖీలో జీతంగానే లెక్కేస్తారు, పైగా రేపు పరిహారం లెక్కలో, పీఎఫ్‌లో అది కనపడదు. ఇప్పుడు మీకు రెండు దార్లు. 1,200తో సరిపెట్టుకుని సరిగ్గా 21,000 దగ్గర ఈఎస్ఐలో ఉండడం. 21,000 దాటితేనే బయటికి, సరిగ్గా 21,000 అయితే లోపలే. ఓటీ డబ్బు ఈ పరిమితి లెక్కలోకి రాదు కాబట్టి రాత్రి ఫోన్‌కు వెళ్లి తెచ్చుకున్నది భయం లేకుండా తీసుకోవచ్చు. లేదా పూర్తి 2,500 స్లిప్ మీద తీసుకుని, దానితోపాటు కుటుంబం మొత్తానికి ఆరోగ్య బీమా, మీకు పెద్ద ప్రమాద బీమా రాతపూర్వకంగా తీసుకోవడం. పాప చిన్నది కాబట్టి నేనైతే మొదటిదే అంటాను. జీతం ఎప్పుడు పెరిగినా ఈ సమస్య మళ్లీ వస్తుందని గుర్తుంచుకోండి, ఇంక్రిమెంట్ లెటర్ రాగానే ముందు ఈ లెక్కే చూడండి.

ఫైర్‌స్టేషన్_పెద్దాయన:

పక్క యూనిట్ సంగతి "తర్వాత" అంటే ఫోన్ వచ్చిన రాత్రి అని అర్థం. అది తేలేదాకా బయటి కాల్స్‌కు ఈ టీమ్ పోదని ఒక్క లైను రాసుకోండి, లేకుంటే ఆ క్లాజే కొట్టేయమనండి. ట్రైనింగ్‌కు పోయినప్పుడు బీఏ సెట్ వేసుకుని కళ్లకు గంతలు కట్టించి పైపులో పాకించమని మీరే అడగండి, క్లాసులో పవర్‌పాయింట్ చూపించి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

గాజులమండ్యం_ఫిట్టర్:

పాకాల అన్నా, మాకూ ఇట్లాంటి టీమే పెడుతున్నారు, వచ్చే నెల నుంచి అంట. మీరు పెట్టిన మెయిల్ పేర్లు తీసేసి ఇక్కడ పెట్టగలరా? మావాళ్లకు చూపిస్తా.

పాకాల_కుర్రోడు:

రేపు సంతకం అయిపోయాక పెడతా తమ్ముడూ. ఇంగ్లీషు మెయిలే, కింద తెలుగులో కూడా రాసి పెడతా.